గెలవక ముందు ఇచ్చే డబ్బు

పోయిన నెల మా స్కూలు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఒక పిల్లాడి నాన్నగారు చెప్పులు విప్పి నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు. "మేడమ్ గారూ, మావాడు చెస్ బాగా ఆడతన్నాడంట కదండీ. గ్రాండ్‌మాస్టర్ అయితే నెలకి ఎంతొస్తాదండీ?" అని అడిగారు. ఆయన నాలుగెకరాలు కౌలు చేస్తారు. ఏ పని చేసినా నెల తిరిగేసరికి ఏమొస్తుందో చూసుకోక తప్పని ఇల్లు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకి పూర్తిగా ఉంది.

జవాబు నాకు తెలుసు. చెబితే ఆ పిల్లాడి ఆట ఆ సాయంత్రమే ఆగిపోతుందేమోనన్న భయంతో నోరు రాలేదు. గ్రాండ్‌మాస్టర్‌కి నెలకి వచ్చేది సున్నా. అది చదరంగం ఆటగాళ్ళకి ఇచ్చే అతి పెద్ద బిరుదు. ఒకసారి వస్తే జన్మంతా ఉంటుంది గానీ దాని వెనక జీతం లేదు, పెన్షన్ లేదు. ప్రపంచంలో ఆ బిరుదున్న వాళ్ళు రెండు వేలు దాటారు. మన దేశంలో 1988లో విశ్వనాథన్ ఆనంద్‌తో మొదలై, తొలి పదేళ్ళలో ముగ్గురే అయ్యారు. 2025 జూలైలో దివ్యా దేశ్‌ముఖ్ మహిళల ప్రపంచ కప్ గెలిచి 88వ గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ ఫైనల్లో ఓడింది మన కోనేరు హంపి. ఇప్పటిదాకా ఈ బిరుదు తెచ్చుకున్న భారతీయ మహిళలు నలుగురు. వాళ్ళలో ఇద్దరు, హంపి, ద్రోణవల్లి హారిక, తెలుగువాళ్ళే. ఈ లెక్క తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ వెంటనే మా తమ్ముడు గుర్తొస్తాడు.

నేను లెక్కల టీచర్ని కాబట్టి ముందు ఆ బిరుదు లెక్క చెబుతాను. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే ఆటగాడి బలాన్ని ఒక అంకెలో చెబుతుంది, అదే రేటింగు. అది ఒక్కసారైనా 2500 తాకాలి. దానికి తోడు నార్మ్‌లు కావాలి, మామూలుగా మూడు. తొమ్మిది ఆటల టోర్నమెంటులో 2600 స్థాయి ఆట చూపిస్తే ఒక నార్మ్. ఎదుట కూర్చున్న వాళ్ళలో కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి, విదేశీయులు ఉండాలి, ప్రత్యర్థుల సగటు రేటింగు 2380కి తగ్గకూడదు. సగటు సరిగ్గా 2380 ఉంటే తొమ్మిదింటికి ఏడు పాయింట్లు తెచ్చుకోవాలి. ఆరున్నర తెస్తే ఏమీ రాదు. ఆ వారం రోజుల హోటలూ ప్రయాణమూ మళ్ళీ మొదటి నుంచి.

రేటింగు సంగతి ఇంకో రకం. ఇప్పటి నిబంధనల్లో 18 ఏళ్ళ లోపు, 2300 లోపు పిల్లలకి గుణకం, అంటే ఒక్కో ఆటకి రేటింగు ఎంత గట్టిగా కదలాలో చెప్పే అంకె, 40. పెద్దవాళ్ళకి 20, ఒకసారి 2400 తాకిన వాళ్ళకి 10. అంటే పిల్లల రేటింగు గబగబా పెరుగుతుంది, గబగబా పడుతుంది కూడా. కానీ వాళ్ళ బలం ఆ రేటింగు కన్నా ముందే పరిగెడుతుంది. 18 ఏళ్ళు దాటిన, 2200 ఉన్న కుర్రాడు 1900 ఉన్న పన్నెండేళ్ళ పిల్ల చేతిలో ఓడితే ఒక్క ఆటకి 17 పాయింట్లు పోతాయి. ఆ పిల్ల అసలు బలం అప్పటికే 2200 అయ్యుంటుంది, పట్టికలోకి మాత్రం ఎక్కి ఉండదు. ఇక 2400 నుంచి 2500కి చేరాలంటే, గుణకం 10 కాబట్టి, లెక్క ప్రకారం రావలసిన దానికి మించి పది నిండు పాయింట్లు తెచ్చుకోవాలి. కాగితం మీద చిన్న అంకె. దాని కోసం ఏళ్ళకి ఏళ్ళు పోగొట్టుకున్న వాళ్ళున్నారు. ఆ ఏళ్ళలో టికెట్టు ఎవరు కొన్నారన్నదే నా బాధంతా.

మా తమ్ముడికి ఆట నేర్పింది మా తాతయ్య. అరుగు మీద గోనెపట్టా, దాని మీద సుద్దతో గీసిన గళ్ళు, అరచేతుల్లో నలిగి నున్నబడిన కొయ్య బలగం. తాతయ్య ఆడేది మన పాత పద్ధతి. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. అప్పటిదాకా చెక్ పడని రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. రాజునీ ఏనుగునీ కలిపి జరిపే క్యాస్లింగ్ లేదు. 2000 సంవత్సరంలో, ఎనిమిదేళ్ళప్పుడు, వాణ్ణి తొలిసారి కాకినాడలో టోర్నమెంటుకి తీసుకెళ్ళాం. మొదటి ఆటలోనే ఎదుటి పిల్లాడు బంటుని రెండు గళ్ళు తోశాడు. వీడు చెయ్యెత్తాడు. ఆర్బిటర్ వచ్చి, అది సరైన ఎత్తేనని చెప్పి వెళ్ళాడు. ఇంకాసేపటికి అవతలివాడు రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపేశాడు. మా తమ్ముడు మళ్ళీ చెయ్యెత్తలేదు. రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని, కళ్ళ నిండా నీళ్ళతో, ఆ కొత్త ఆటని ఆడుతూనే నేర్చుకున్నాడు. ఆ రోజు ఆరు ఆటల్లో రెండు గెలిచాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న ఒక్క మాటే అన్నారు. "వీడికి నేర్పేవాడు కావాలి."

నేర్పేవాడు మా ఊళ్ళో లేడు, అమలాపురంలో లేడు. ఉన్నవాడు ఎక్కడో విజయవాడలోనో చెన్నైలోనో. పైగా 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా కొబ్బరి తోట సగానికి పైగా నేలకూలింది. కొత్త మొక్కలు వేశాం. మన పొడుగు రకం కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. వీడి ఆటా ఆ మొక్కలూ ఒకేసారి ఎదిగాయి. దింపు సొమ్ము చేతికొచ్చిన నెలలో వాడికి టోర్నమెంటు ఉండేది, రాని నెలలో ఉండేది కాదు. ఎదురుచూడడం మా నాన్నకి కొత్త కాదు. చెట్టు కోసం ఏడేళ్ళు ఆగిన మనిషి కొడుకు కోసం ఆగలేడా? కానీ చెట్టుకి నీళ్ళు కాలువ ఇస్తుంది. శిస్తు మనమే కట్టినా, నీళ్ళు అందరివీ. కొడుకు ఆటకి నీళ్ళు ఒక్క మా ఇంట్లోంచే తోడాలి.

మా దగ్గర రైలు లేదన్న సంగతి కూడా చెప్పాలి. కోటిపల్లి నుంచి నరసాపురం లైను పూర్తవుతుందని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. చెన్నైలో టోర్నమెంటు అంటే ముందు బస్సులో రావులపాలెం మీదుగా రాజమండ్రి, అక్కడ రాత్రి రైలు, పొద్దున్నే దిగి మొహం కడుక్కుని నేరుగా మొదటి ఆటకి. అమ్మ పులిహోర రెండు డబ్బాల్లో సర్దేది, ఒకటి ఆ రాత్రికి, ఒకటి మర్నాడు మధ్యాహ్నానికి. హోటలు భోజనం డబ్బు మిగిలితే ఇంకో ఓపెన్ టోర్నమెంటు ఫీజు కట్టొచ్చు. గ్రాండ్‌మాస్టర్లని నిర్వాహకులు ఫీజు లేకుండా, బస ఇచ్చి పిలుస్తారు. గ్రాండ్‌మాస్టర్ కావాలనుకునేవాడు ఫీజు కట్టి, గది తీసుకుని ఆడాలి. పేరున్న వాళ్ళు రాకపోతే టోర్నమెంటుకి విలువ రాదు కాబట్టి ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. కానీ బరువు మాత్రం కిందివాడి మీదే పడుతుంది.

పదిహేనేళ్ళప్పుడు మా తమ్ముడు చెన్నైలో ఒక గ్రాండ్‌మాస్టర్‌తో డ్రా చేశాడు. 61 ఎత్తులు. ఏనుగులు మిగిలిన ఆట, ఒక బంటు తక్కువ. స్కోర్‌షీట్ కార్బన్ కాపీ ఇప్పటికీ అమ్మ దగ్గర బిస్కెట్ డబ్బాలో ఉంది. 47వ ఎత్తు దగ్గర పెన్ను ఒత్తుకి కాగితం చిరిగింది. ఆయన పేరు రాయను. ఆట అయ్యాక పక్క బల్ల మీద బలగం పేర్చి, వీడు ఎక్కడ భయపడ్డాడో అరగంట చూపించారు. ఆ రాత్రి సెంట్రల్ స్టేషన్లో మళ్ళీ ఆయనే కనిపించారు. స్లీపర్ టికెట్టు, భుజానికి లాప్‌టాప్ సంచీ, చేతిలో పెరుగన్నం పొట్లం. ఇంకో ఊరికి, ఇంకో టోర్నమెంటుకి. నాన్న పక్కన కూర్చుని మాటల్లో పెట్టారు. "ఈసారి వచ్చిన ప్రైజు వచ్చే ఊరి ఖర్చుకి సరిపోతుందండీ" అన్నారాయన నవ్వుతూ. తర్వాత నవ్వకుండా, "అబ్బాయిని ఆడించండి. చేతి కింద ఏదో ఒక ఉద్యోగం మాత్రం ఉండేట్టు చూడండి. రేపటి టికెట్టు గురించి ఆలోచిస్తూ ఏనుగు ఆట ఆడలేం" అన్నారు.

గ్రాండ్‌మాస్టర్ బతుకు ఎలా ఉంటుందో ఆ మాటలో ఉంది. పైన తొలి పాతిక మంది వేరు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆ పోటీ మొత్తం సొమ్ము 25 లక్షల డాలర్లు, అందులో గుకేశ్‌కి 13.5 లక్షల డాలర్లు. టీవీలో వచ్చింది ఆ అంకె. కానీ 2600 రేటింగు ఉన్నా ప్రపంచంలో తొలి వందలో చోటు దొరకదు. ఆ వంద బయట ఉన్నవాళ్ళు జర్మనీ, ఫ్రాన్స్ లీగుల్లో ఒక్కో ఆటకి ఇంతని తీసుకుని ఆడతారు. పెద్ద ఆటగాళ్ళ దగ్గర కొత్త ఎత్తులు వెతికిపెట్టే సహాయకులుగా పనిచేస్తారు. ఎక్కువమంది పిల్లలకి పాఠాలు చెప్పుకుంటారు. సహాయకుడి పనిని తక్కువ చేసి మాట్లాడకండి. గుకేశ్ సింగపూర్‌లో గెలిచినప్పుడు తెర వెనక జట్టులో మన గుంటూరు పెంటేల హరికృష్ణ ఉన్నారు. 2001లో గ్రాండ్‌మాస్టర్, 2004లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్, ఒకప్పుడు ప్రపంచంలో తొలి పదిమందిలో ఒకరు. అదే 2024లో బుడాపెస్ట్‌లో, దేశాల జట్లు ఆడే ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. తన ఆటా ఆడుతూ, ఇంకొకరి ఆటకీ నూరిపెడుతూ ఇరవై ఏళ్ళకి పైగా నిలబడడం నాకు ఛాంపియన్‌షిప్ అంత గొప్పగా కనిపిస్తుంది.

మా తమ్ముడి ఆట ఎలా ఆగిందో చెబుతాను. ఇంటర్లో ఆగింది. గోదావరి జిల్లాల్లో చదువుకునే పిల్లల ఆటలన్నీ దాదాపు అక్కడే ఆగుతాయి. 2008లో పదో తరగతి మార్కులు చూసి ఒక పెద్ద కాలేజీ వాళ్ళు ఫీజు తగ్గిస్తామని ఇంటికొచ్చారు. టోర్నమెంట్లకి పంపుతామన్నారు. చేరాక మొదటి సెలవు చీటీకే, "ఎంసెట్ ర్యాంకు కావాలా, చదరంగం కావాలా?" అన్నారు. హాస్టల్ ట్రంకు పెట్టెలో బట్టల అడుగున ఉన్న బోర్డుని వార్డెన్ తీసుకుని ఆఫీసు గదిలో పెట్టేశాడు. కాలేజీనే అనడం న్యాయం కాదు. చేర్పించింది మేమే. నేను కూడా, "రెండేళ్ళు ఓర్చుకోరా, తర్వాత ఆడుకుందువు గాని" అన్నాను. అప్పుడు నాకు ఈ లెక్క తెలియదు. హంపి పదిహేనేళ్ళకి గ్రాండ్‌మాస్టర్. హరికృష్ణ పదిహేనేళ్ళకి. వరంగల్ అర్జున్ ఎరిగైసి పద్నాలుగేళ్ళకి. గుకేశ్ పన్నెండేళ్ళ ఏడు నెలలకి. ఆ వయసు దాటాక బిరుదు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ పదహారు, పదిహేడేళ్ళప్పుడు రెండేళ్ళు బోర్డు ముట్టుకోకుండా తిరిగొచ్చి నిలబడ్డవాణ్ణి నేను చూడలేదు. మా తమ్ముడు తిరిగొచ్చేసరికి, వాడు ఒకప్పుడు ఓడించిన పిల్లలు వాడికి అందనంత దూరం వెళ్ళిపోయారు. రెండు టోర్నమెంట్లు ఆడి, "ఇంక చాలక్కా" అన్నాడు. ఊళ్ళో అందరూ "వదిలేశాడు" అన్నారు. వాడు వదల్లేదు. మా ఇల్లు వదిలింది.

నిజమైన ప్రతిభ ఉంటే దారి అదే దొరుకుతుందంటారు కొందరు. గుకేశ్ నాన్నగారు చేయలేదా, హంపి నాన్నగారు చేయలేదా అంటారు. చేశారు, వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడతాను. కోనేరు అశోక్ గారు లెక్చరర్ ఉద్యోగం మానేసి కూతురి పక్కన కూర్చున్నారు. ఆయనే మంచి ఆటగాడు, అంటే కోచ్ ఇంట్లోనే ఉన్నట్టు. గుకేశ్ తండ్రి ఈఎన్‌టీ సర్జన్, ప్రాక్టీసు ఆపుకుని కొడుకుతో దేశాలు తిరిగారు. తల్లి జీతం మీద ఇల్లు నడిచింది. అంత చదువుకున్న ఇంట్లో కూడా ఒక దశలో డబ్బు చాలక అమ్మానాన్నల స్నేహితులు సాయం చేశారని గుకేశే చెప్పాడు. అర్జున్ తండ్రి న్యూరోసర్జన్. ఈ ఇళ్ళ త్యాగంలో రవ్వంత కూడా తీసెయ్యను. నేనడిగేది ఒకటే. డాక్టర్ల ఇళ్ళకే అంత కష్టమైన దారిలో కొబ్బరి దింపు మీద బతికే ఇల్లు ఎంత దూరం నడవగలదు?

చెన్నై గ్రాండ్‌మాస్టర్ ప్రజ్ఞానంద తండ్రి బ్యాంకు ఉద్యోగి కదా అని మీరడగొచ్చు. ఇద్దరు పిల్లలూ, అక్కా తమ్ముడూ, గ్రాండ్‌మాస్టర్లయ్యారు. ఈ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగాను. కానీ వాళ్ళుండేది చెన్నైలో. కోచ్, టోర్నమెంటు, సాయంత్రం ఎదుట కూర్చుని ఆడే సాటి పిల్లలు, అన్నీ సిటీ బస్సు దూరంలో ఉన్నాయి. సెలవిచ్చి వెన్నుతట్టే బడి ఉంది. గుకేశ్ చదివింది కూడా అదే వేలమ్మాళ్ విద్యాసంస్థల్లో. ఒక ఊరు ఊరంతా మోస్తే ఆ బరువు ఇంటి మీద సగమే పడుతుంది. మా దగ్గర ఒక్క ఆట సంబంధమైన మనిషిని కలవాలన్నా ఒక పూట పోతుంది.

ఇంటర్నెట్ వచ్చాక ఈ దూరం కొంత తగ్గింది. ఇప్పుడు మా తమ్ముడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో మా పిల్లలకి పాఠం చెబుతాడు. కానీ నార్మ్ ఫోన్లో రాదు. ఎదురెదురుగా బల్ల ముందు కూర్చోవాలి. దానికి రైలెక్కాలి, ఒక్కోసారి విమానం ఎక్కి హంగేరీకో సెర్బియాకో వెళ్ళాలి.

హంపి ఉద్యోగం ఓఎన్‌జీసీలో. మా చేల కింది గ్యాసు తీసే సంస్థే. ఒకప్పుడు ఎయిరిండియా, రైల్వేలు, ఎల్‌ఐసీ, పెట్రోలియం సంస్థలు ఆటగాళ్ళకి ఉద్యోగాలిచ్చి ఆడించాయి. ఆ జీతాలు మన చదరంగాన్ని ఎంత నిలబెట్టాయో చెప్పుకునేవాళ్ళు తక్కువ. హంపి పెళ్ళి చేసుకుని, 2017లో పాపని కని, దాదాపు రెండేళ్ళు ఆటకి దూరంగా ఉండి, 2019లో మాస్కోలో ర్యాపిడ్, అంటే తక్కువ సమయంలో ముగించే ఆటలో, ప్రపంచ ఛాంపియన్ అయింది. 37 ఏళ్ళ వయసులో, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మళ్ళీ అయింది. ప్రైజు సొమ్ము మీదే బతకాల్సిన ఆడపిల్ల అయితే ఆ రెండేళ్ళ విరామం తీసుకోగలిగేదా? తీసుకున్నాక తిరిగి రాగలిగేదా? ప్రతి ఆటగాడికీ హంపి అంతటి ఉద్యోగం ఇమ్మనడం లేదు. 2300 ఉన్న పదహారేళ్ళ పిల్లకి నెలకి చిన్న భృతి, ఏడాదికి ఇన్ని టోర్నమెంట్ల టికెట్లు, జిల్లాకొక జీతమిచ్చే కోచ్, ఇంటర్లో ఆట హాజరుని హాజరుగా లెక్కించే ఉత్తరువు. వీటికి ఒక్క విజయోత్సవానికయ్యే ఖర్చు చాలేమో అనిపిస్తుంది.

ఎందుకంటే మన దగ్గర డబ్బు లేక కాదు. గెలిచి వచ్చిన పిల్లని రాజమండ్రి స్టేషన్లో దింపుకుని, ఓపెన్ జీపు ఎక్కించి, గజమాల వేసి, శాలువాలు కప్పుతాం. చెక్కు ఇస్తాం, స్థలం ఇస్తాం. సంతోషమే, ఇవ్వాల్సిందే. కానీ ఆ పిల్లకి ఆ శాలువాల అవసరం తీరిపోయింది. ఓడి రాత్రి రైల్లో పై బెర్తు మీద ఏడుస్తూ వచ్చే పదమూడేళ్ళ పిల్లకి, మళ్ళీ నెల టికెట్టు ఉందని తెలియాలి. పంట ఇంటికొచ్చాక లాకులెత్తితే ఎవరికి ఉపయోగం? దాళ్వాకి నీళ్ళు నాట్ల ముందు వదలాలని ఈ నేల మీద పుట్టిన ప్రతివాడికీ తెలుసు.

ఆ నాన్నగారికి చివరికి నిజమే చెప్పాను. నెలకి ఏమీ రాదండీ అన్నాను. తొమ్మిదేళ్ళ మా అబ్బాయిని కూడా ఆడిస్తున్నానని, పొలం అమ్మి మాత్రం ఆడించనని, చదువు మానిపించనని చెప్పాను. వాడు 1800 దగ్గర ఆగినా నాకు లోటు లేదని, కానీ మా తమ్ముడిలా ఇంటర్ గుమ్మం దగ్గర ఆగనివ్వనని చెప్పాను. ఆయన చాలాసేపు కొబ్బరి చెట్ల వైపు చూసి, "అయితే మీరే చూసుకోండమ్మా, మీ పిల్లాడితో పాటే తీసుకెళ్ళండి" అన్నారు.

మేం ఏడుగురం ఉన్నాం. ఐదుగురు టీచర్లు, ఒక మందుల షాపాయన, ఒక కొబ్బరి వర్తకుడు. నెలకి తలా 500. ఏడాదికి 42,000 అవుతుంది. దాంతో గ్రాండ్‌మాస్టర్‌ని తయారు చేయలేం. ఇద్దరు ముగ్గురు పిల్లలకి టికెట్లు, ఫీజులు వస్తాయి. నియమం ఒక్కటే పెట్టుకున్నాం. ఫలితం చూసి ఇవ్వం.

సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చే పదకొండేళ్ళ పిల్ల ఒకతి ఉంది. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో తొక్క తీస్తుంది. మా అబ్బాయి ఆ పిల్ల మీద ఇప్పటిదాకా ఒక్క ఆట గెలవలేదు. క్రితం వారం విజయవాడలో తొమ్మిది ఆటల్లో నాలుగు పాయింట్లు తెచ్చింది. ప్రైజు లేదు. ఆఖరి ఆట గెలిచేదే, ఏనుగులు మిగిలాక తొందరపడి బంటుని తోసేసింది. తిరిగొచ్చే బస్సులో నా పక్క సీట్లో కూర్చుని, గోదావరి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. వంతెన మీదకి రాగానే స్కోర్‌షీట్ మడత విప్పి, 38వ ఎత్తు మీద వేలు పెట్టి, "ఇక్కడ రాజుని ముందుకి తేవాలి కదా టీచర్?" అంది.

"రాత్రి మావయ్యని అడుగుదాం" అన్నాను.

"మళ్ళీ వెళ్తామా?"

వచ్చే నెల కాకినాడకి ముగ్గురి ఫీజూ పొద్దునే కట్టేశానని చెప్పాను. కాగితం మడిచి లంచ్ డబ్బా అడుగున పెట్టుకుని, కిటికీ అవతల గోదావరి వైపు తిరిగి కూర్చుంది.